టీకాలయ్యేదాకా కుక్కపిల్లను గదిలో పెట్టి గడియ వేయాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. సొంత ఇల్లు, ముందు అరుగు, చిన్న వాకిలి ఉన్నాయి. మా తమ్ముడు దేవరకద్ర వైపు పొలం దగ్గర ఈనిన కుక్కపిల్లల్లో ఒకదాన్ని తెచ్చి మా బాబుకిచ్చాడు. నాటు రకమే. బాబు దానికి జున్ను అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు దానికి 9 వారాలు. పశువుల దవాఖానలో డాక్టర్ గారు వారం కింద మొదటి టీకా వేసి, టీకాలన్నీ అయ్యేదాకా, అంటే 4 నెలలు నిండేదాకా బయటికి తీసుకెళ్లొద్దన్నారు. హైదరాబాద్‌లో ఒక ట్రైనింగ్ క్లాసుకు ఫోన్ చేస్తే వాళ్లూ అప్పుడే రమ్మన్నారు. అందుకని వెనక గదిలో ఉంచి గడియ పెడుతున్నాం. వదిలితే ఇల్లంతా ఉచ్చ పోస్తోంది. బాబు కాళ్లూ చేతులూ కొరుకుతోంది. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరి ఎంతకీ రాదు. నిమజ్జనం నాడు డీజే చప్పుడుకు వణికిపోయింది. పూజగది దాకా వస్తోందని మా అత్తమ్మ రోజూ గొడవ. పక్కింటాయనేమో ఇప్పుడే రెండు తగిలిస్తే జన్మలో మాట జవదాటదంటాడు. క్లాసులో చేర్చేదాకా ఈ రెండు నెలలు ఎట్లా నెట్టుకురావాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఉచ్చ సంగతీ కొరుకుడు సంగతీ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ రెండూ పోయేవే. వెనక గది, గడియ అన్న దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. ముందు దాని సంగతి చూద్దాం. మిగతావాటికి కొంత ఆలస్యమైనా ఫర్వాలేదు గానీ దీనికి గడువుంది.

కుక్కపిల్లకు 3వ వారం నుంచి సుమారు 12, 14 వారాల దాకా ఒక కాలం నడుస్తుంది. ఆ రోజుల్లో కంటపడిన మనుషులు, విన్న చప్పుళ్లు, కాలికి తగిలిన నేల, ఇవన్నీ దాని లెక్కలో మామూలు విషయాలైపోతాయి. ఆ కాలం దాటాక కొత్తది ఏది ఎదురైనా ముందు అనుమానం పుడుతుంది, పరిచయం తర్వాతి మాట. 1961లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఎత్తు కంచె కట్టిన పొలంలో కుక్కపిల్లలను తల్లులతో వదిలి, మనిషి వాసన పెద్దగా తగలకుండా పెంచారు. కొన్నిటిని మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో వయసులో వారం రోజులు ఇంట్లోకి తెచ్చి మనుషులకు అలవాటు చేశారు. 14 వారాల దాకా పొలంలోనే ఉండిపోయినవి చివరికి అడవి జంతువుల్లా తయారై మనిషి దగ్గరికి వస్తే చాలు పారిపోయేవి. వారం రోజుల సావాసం దొరికినవి మనుషుల్లో కలిశాయి. తేడా అంతా ఆ ఒక్క వారమే.

జున్ను ఆ పొలం కుక్కలంత దూరం పోదు లెండి, ఇంట్లో మీరంతా ఉన్నారు. కానీ దానికి ఇప్పుడు 9 వారాలు. మీ చేతిలో ఉన్నది ఇంకో నాలుగైదు వారాలు. 4 నెలలు నిండాక గడియ తీస్తే క్లాసుకు పోయేనాటికి అసలు పాఠం దాటిపోయి ఉంటుంది.

అలాగని డాక్టర్ గారి మాట తప్పని కాదు. ఆయన భయపడేది పార్వోకు. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల ప్రాణం తీసే జబ్బు అది. జబ్బు చేసిన కుక్క విసర్జించిన చోట మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది, చెప్పులకు అంటుకుని ఇంట్లోకీ వస్తుంది. ఒక్క టీకాతో ఎందుకు సరిపోదంటే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా పనిని అదే అడ్డుకుంటుంది. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 3, 4 వారాలకోసారి వేస్తూ 16 వారాలు నిండేదాకా కొనసాగిస్తారు. 3 నెలలకు రేబిస్ టీకా వేరే. ఒక్కటి కూడా తప్పించకండి. నులిపురుగుల మందు తేదీలు కూడా టీకాల కార్డు మీదే రాయించుకోండి.

కాబట్టి ఆయన మాటను ఇట్లా అర్థం చేసుకోండి: జున్ను కాళ్లు వీధి నేలకు ఆనకూడదు, ఊరకుక్కల ముక్కు దానికి తగలకూడదు. దాని కళ్లకూ చెవులకూ మాత్రం ఆ నిషేధం లేదు. వచ్చేసారి టీకాకు పోయినప్పుడు "సార్, చంకలో ఎత్తుకుని వీధి చూపించొచ్చా?" అని అడిగి చూడండి. చాలామంది డాక్టర్లు సరేనంటారు. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే ఈ మాట చెప్పింది. టీకాలన్నీ అయ్యేదాకా ఆగొద్దు, మొదటి టీకా వేసి వారం దాటితే శుభ్రమైన చోట, టీకాలు వేయించిన పిల్లలతో క్లాసుకు కూడా పంపొచ్చు అని. మీరు దీనికోసం ఇప్పుడు 100 కిలోమీటర్లు హైదరాబాద్‌కు తిప్పాల్సిన పనిలేదు. మీ అరుగే చాలు.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద నల్లగొండలో ఉన్నప్పుడు ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. నాకప్పుడు ఇదంతా తెలియదు. జబ్బు చేస్తుందన్న భయంతో 5 నెలలు నిండేదాకా డాబా మీది గదిలోనే పెంచాం. వేళకు తిండి, వేళకు టీకా, దేనికీ లోటు లేదు. మొదటిసారి గొలుసు కట్టి వీధిలోకి తెచ్చిన రోజు చిన్న తుంపర పడుతోంది. ఎదురుగా ఒక పెద్దాయన నల్ల గొడుగు విప్పాడు. అంతే, అది వెనక్కి గుంజి గుంజి మెడపట్టీలోంచి తల జార్చుకుని ఇంట్లోకి ఉరికింది. బతికినన్నాళ్లూ దానికి గొడుగంటే భయం, హెల్మెట్ అంటే కోపం, చుట్టం వస్తే మొరుగుడు. ఎవరు తలుపు కొట్టినా ముందు దాన్ని గదిలో వేసి రావాల్సి వచ్చేది. అట్లా తొమ్మిదేళ్లు. ఆ తప్పు దానిది కాదు.

ఇక అరుగు సంగతి. పొద్దున ఓ పది నిమిషాలు, సాయంత్రం ఓ పది నిమిషాలు జున్నును ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చోండి. పక్కన చిన్న గిన్నెలో ఉడికిన గుడ్డు ముక్కలు గానీ, ఉప్పూ కారం లేని ఎముకల్లేని చికెన్ ముక్కలు గానీ పెట్టుకోండి. మన వీధుల్లో గంట కూర్చుంటే లోకమంతా ముందు నుంచే పోతుంది. పాలబ్బాయి బండి, ఉల్లిగడ్డల ఆటో మైకు, మున్సిపాలిటీ చెత్త బండి పాట, గ్యాస్ సిలిండర్ దించే చప్పుడు, బురఖాలో ఆడవాళ్లు, ఖాకీ బట్టలు, హెల్మెట్, కర్ర పట్టుకున్న ముసలాయన, గొడుగు (నా బాకీగా దీన్ని మాత్రం మరిచిపోకండి). ఏదైనా కనిపించగానే ఒక ముక్క నోట్లో పెట్టండి. అది దాటిపోగానే ముక్కలు బంద్. కొన్నాళ్లకు ఉల్లిగడ్డల మైకు వినబడితే జున్ను మీ చేతి వంక చూస్తుంది. అప్పుడు పని అయినట్టు.

క్రమం మాత్రం తప్పకూడదు. చప్పుడు ముందు, ముక్క తర్వాత. ముక్క చూపించి దగ్గరికి పిలిచి అప్పుడు భయపెట్టేదాని ముందు నిలబెడితే, తర్వాత ముక్క చూసినా అనుమానిస్తుంది.

భయపడుతోందని ఎట్లా తెలుస్తుంది? తోక కాళ్ల మధ్యకు పోతుంది, చెవులు వెనక్కి వాలుతాయి, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, ఊరికే పెదవులు నాకుతుంది. అన్నిటికంటే తేలిక గుర్తు, గుడ్డు ముక్క ఇచ్చినా నోరు తెరవదు. అప్పుడు మరీ దగ్గరికి పోయినట్టే లెక్క. లేచి లోపలికి రండి, లేదా పది అడుగులు వెనక్కి జరగండి. "ఏం కాదు, చూడు, చూడు" అని పట్టుకుని ముఖం అటు తిప్పొద్దు. ఎత్తుకుని ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుందని కొందరంటారు, దాన్ని నమ్మకండి. పసిపిల్ల భయపడితే ఎత్తుకోమా?

అరుగు మీద వారం గడిచాక స్కూటీ వెనక కూర్చుని, బుట్టలో మెత్తటి గుడ్డ పరిచి జున్నును ఒళ్లో పెట్టుకుని ఊళ్లోకి పోండి. మెట్టుగడ్డ దగ్గర పక్కకు ఆపి బస్సుల రొద వినిపించండి. రైల్వే స్టేషన్ బయట కాస్త దూరంలో ఐదు నిమిషాలు. ఒక సాయంత్రం చెరువు కట్ట మీద పిల్లల కేరింతలు. కిందికి దించొద్దు, ముఖ్యంగా నలుగురూ తమ కుక్కలను తిప్పే చోట. రోజుకు ఒకటి, మహా అయితే రెండు కొత్త చోట్లు. ఈ వయసు పిల్ల రోజుకు 18 గంటల పైనే నిద్రపోతుంది, పోవాలి కూడా. నిద్ర చాలని పిల్లే సాయంత్రమయ్యేసరికి పిచ్చిపట్టినట్టు ఉరుకుతూ కనబడ్డ కాలునల్లా కొరుకుతుంది. మీ బాబు కాళ్ల సంగతిలో సగం కారణం అదే అయుండొచ్చు.

మీ తమ్ముడి పొలం వైపు పోతే గొర్రెల మందను కూడా దూరం నుంచి చూపించండి. మన పాలమూరులో గొర్రెలు ఎదురుపడని దారి లేదు. గొంగడి కప్పుకున్న మనిషిని, మందను చిన్నప్పుడే చూసి ఊరుకోవడం నేర్చిన కుక్క పెద్దయ్యాక వాటి వెంట పడే అవకాశం తగ్గుతుంది. మంద వెంటపడిన కుక్కకు గొర్రెలకాపరి చేతి కర్ర తప్పదు, ఆయన్ను తప్పుపట్టలేం కూడా.

చుట్టాల ఇళ్లలో టీకాలన్నీ వేయించిన, నెమ్మదైన పెద్ద కుక్క ఏదైనా ఉంటే జున్నును అక్కడికి తీసుకెళ్లండి. కుక్క భాష కుక్కే నేర్పాలి. ఎంత గట్టిగా కొరికితే అవతలివాళ్లకు నొప్పి పుడుతుందో, ఎప్పుడు ఆట చాలించాలో ఒక్క సాయంత్రంలో అది నేర్పినంత మనం నెలరోజుల్లో నేర్పలేం. పార్వోతో కుక్క పోయిన ఇంటికి మాత్రం పోవద్దు. మీ ఇంట్లోకి వచ్చేవాళ్లు చెప్పులు బయటే విడుస్తారు కాబట్టి సగం గండం తప్పినట్టే. ఆ చెప్పులు మాత్రం జున్నుకు అందనివ్వకండి. వాకిలి కడిగేందుకు ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు, పార్వో దానికి లొంగదు. ఒక వంతు బ్లీచ్ ద్రావకానికి 30 వంతుల నీళ్లు కలిపి కడిగి, పది నిమిషాలుంచి, నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరాక పిల్లను వదలండి.

ఇప్పుడు కుక్కర్. విజిల్ వేసే వేళకు జున్నును వంటింటికి దూరంగా, తలుపు చాటున ఉంచి అన్నం గిన్నె ముందు పెట్టండి. మూడు నాలుగు రోజులయ్యాక గిన్నెను కొంచెం దగ్గరికి జరపండి. మిక్సీ, బోరు మోటారు, ఇనుప బీరువా తలుపు, అన్నిటికీ ఇదే మందు. మంచం కింద దూరితే లాగొద్దు. దానంతట అది రానివ్వండి, వచ్చాక ఏమీ జరగనట్టు మీ పని మీరు చేసుకోండి. డీజే చప్పుడు, పటాకుల చప్పుడు ఫోన్లో దొరుకుతాయి. తినేటప్పుడు వినీ వినబడనంత మెల్లగా పెట్టి, రోజుకు ఒక గీత చొప్పున పెంచుతూ పోండి. తినడం ఆపిందంటే నిన్నటి గీతకు దిగండి. బతుకమ్మ వస్తోంది కదా, మీ వీధిలో ఆడేటప్పుడు అరుగు మీదినుంచే చప్పట్లూ పాటలూ చూపించండి. డీజే కంటే బతుకమ్మ పిల్లకు మంచి మొదటి పాఠం.

ఉచ్చ సంగతి. ఇది దాని పొగరు కాదు, సంచి చిన్నది. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు, అంతే దాని ఓపిక. జున్ను లెక్క మూడు గంటలకు మించదు, మెలకువగా ఆడుతున్నప్పుడు అంత కూడా ఆగదు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే ఎత్తుకుపోయి వాకిట్లో ఒకే మూల దించండి. నడిపించుకుపోతే దారిలోనే పని కానిస్తుంది. పసిపిల్లలను కూర్చోబెట్టి "స్స్స్" అంటాం చూడండి, అదే అనండి. పోయగానే అక్కడే ముక్క పెట్టండి, ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి తెలియదు. రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని మీరే లేపండి. ఇంట్లో పోస్తే అరవకండి, ముక్కు అందులో రాయకండి. మన దగ్గర చాలామంది చేసే పని అది. పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనుషులు చూస్తుండగా పోయకూడదు, బీరువా వెనక పోయాలి అని. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది కాబట్టి సబ్బుపొడి నీళ్లతో రెండుసార్లు కడిగి బాగా ఆరనివ్వండి. రెండు మూడు వారాల్లో మార్పు కనిపిస్తుంది. అప్పుడప్పుడు తప్పుతుంది, అది మామూలే.

కొరుకుడు దగ్గర కొంచెం ఆగాలి. దాని నోట్లో ఉన్నవి 28 పాలపళ్లు, సూదుల్లా ఉంటాయి. 4వ నెల నుంచి ఊడి 6, 7 నెలలకు 42 గట్టి పళ్లు వస్తాయి. ఆలోపు చిగుళ్ల దురదకు ఏదో ఒకటి కొరకాల్సిందే. పాత గుడ్డను ముడివేసి, తడిపి, ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి. ముక్కలు చించి మింగకుండా దగ్గరే ఉండండి. చెయ్యి కొరికితే చెయ్యి గుంజొద్దు, అరుస్తూ ఉరకొద్దు. గుంజినా ఉరికినా దానికి అది ఆటే. కదలకుండా నిలబడి, గుడ్డ ముడి అందించండి. అయినా వదలకపోతే ఒక్క మాట లేకుండా లేచి అర నిమిషం పక్క గదిలోకి పోండి. కొరికితే ఆట ఆగిపోతుంది, అంతే పాఠం. బాబుకు ఇది నేర్పడమే కష్టం, జున్నుకు కాదు. ఐదు నిమిషాలు ఆడి ఆపేయాలని, తినేటప్పుడూ పడుకున్నప్పుడూ ముట్టొద్దని వాడితో ఒప్పందం చేసుకోండి. మీరెవరూ పక్కన లేకుండా ఇద్దరినీ ఒంటరిగా వదలకండి.

ఒక ముఖ్యమైన మాట. జున్ను పొలం దగ్గర పుట్టింది, దాని తల్లికి రేబిస్ టీకా ఎవరూ వేయించి ఉండరు. ఇంకా దీనికీ పడలేదు. ఆటలోనైనా పన్ను గానీ గోరు గానీ గీరుకుని బాబు చర్మం మీద గీత పడితే, నెత్తురు రాకపోయినా సరే, చిన్నపిల్లే కదా అనుకోవద్దు. పంపు కింద ధార కట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లి చూపించండి, అక్కడ సూదులు ఉచితం. డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తి చేయించండి. మీ ఉత్తరంలో కొరుకుతోందని మాత్రమే రాశారు, గాట్లు పడ్డాయో లేదో రాయలేదు. పడి ఉంటే ఈ సమాధానం మిగతా సగం తర్వాత చదవండి, ముందు దవాఖానకు పోండి.

పక్కింటాయన సలహా గురించి ఎక్కువ రాయను. తిండి పెట్టే చెయ్యీ తగిలించే చెయ్యీ ఒకటే అయితే పిల్ల ఆ చెయ్యి కదిలినప్పుడల్లా ముడుచుకుంటుంది. ఒకనాడు బాబు ప్రేమగా చెయ్యి చాపినా దెబ్బే అనుకుని అందుకుంటుంది. గుర్రుమంటే కూడా కొట్టకూడదు. గుర్రుమనడమంటే అది ముందు చెప్పడం. ఆ చెప్పడాన్ని కొట్టి మాన్పిస్తే చెప్పకుండా కరిచే కుక్క మిగులుతుంది. ఆయనతో వాదించకండి, ఎదురుపడినప్పుడు ఆయన చేతికే ఒక గుడ్డు ముక్క ఇచ్చి పెట్టమనండి. మీసాలున్న మనుషులకు కూడా జున్ను అలవాటు కావాలి కదా.

అత్తమ్మ సంగతి సున్నితమైనది. మీరు ఆమెను కుక్కను ప్రేమించమని అడగకండి. పూజగది గడపకు అడ్డంగా మోకాలెత్తు చెక్క పెట్టించండి, ఆ హద్దు జున్ను ఎప్పటికీ దాటదని మాటివ్వండి, నిలబెట్టుకోండి. మరోపక్క హాల్లో ఒక మూల గోనెసంచి మడతపెట్టి పరిచి అది జున్ను చోటని ఇంట్లో అందరికీ చెప్పండి. దాని మీద కూర్చున్నప్పుడల్లా ముక్క పెట్టండి. మీరు పెట్టడం చూసి వారం లోపల దానంతట అదే పోయి కూర్చుంటుంది. పూజ వేళకు గోనెసంచి మీద బుద్ధిగా కూర్చున్న పిల్లను ఏ అత్తమ్మా ఎక్కువకాలం తిట్టలేదు. మీ వైపు వాళ్లు మక్తల్ దాటి కృష్ణా నదిలో పుట్టి పడవ ఎక్కి దత్తక్షేత్రం కురువపురం పోయే ఉంటారు. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయని ఎప్పుడైనా మాటల మధ్య గుర్తుచేయండి. వాదనలా కాదు, ఊరికే.

ఇంట్లో నేర్పాల్సిన పాఠాలు నాలుగే: పేరు, రా, కూర్చో, వదిలెయ్. పేరు పిలవగానే మీ వంక చూస్తే ముక్క. కూర్చోవడానికి ముక్కను ముక్కు మీదుగా నెత్తి వెనక్కి మెల్లగా తీసుకెళ్తే తల పైకి లేచి నడుం దానంతట అదే నేలకు ఆనుతుంది, నడుం పట్టి నొక్కక్కర్లేదు. 'వదిలెయ్'కు, అది పట్టుకున్నదాని కంటే రుచైనది చూపి మార్చుకోండి. 'రా' అన్నదే అన్నిటికంటే విలువైన మాట. దాన్ని పాడుచేయకండి. బాబు 'కమాన్' అని, మీవారు 'ఇటు రా' అని, అత్తమ్మ 'పో' అని అంటుంటే అది ఏ మాట వినాలి? అందరూ ఒక్క మాట మీదికి రండి. 'రా' అని పిలిచి తిట్టడం, స్నానం పోయడం, గదిలో వేయడం ఎప్పుడూ వద్దు. అవసరమైతే మీరే పోయి ఎత్తుకోండి. ఒక్కో పాఠం రెండు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. దాని రోజు తిండిలో కొంత ఇట్లా చేత్తోనే తినిపిస్తే వేరే ముక్కల ఖర్చు ఉండదు, కడుపూ పాడవదు.

తిండి మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇంట్లో వండిన కూర పులుసు అన్నంలో కలిపి పెట్టకండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ రెండూ కుక్క నెత్తురుకు చెరుపు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

రోజుకోసారి జున్ను ఒళ్లంతా తడమండి. చెవి తిప్పి చూడండి, పెదవి లేపండి, కాలివేళ్ల మధ్య వేలు పెట్టండి, తోక ఎత్తండి, ఒక్కోదానికి ఒక్కో ముక్క. ఇది ఇప్పుడు ఆటలా ఉంటుంది. రేపు డాక్టర్ బల్ల మీద ఇద్దరు మనుషులు అదిమి పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. గోమార్లు, కొందరు పిడుదులంటారు, చెవి లోపలా వేళ్ల సందుల్లోనే దాక్కుంటాయి. వానాకాలంలో వాటితో వచ్చే జ్వరాలు మన జిల్లాల్లో మామూలే. ఈ వయసుకు ఏ మందు వాడాలో డాక్టర్‌నే అడగండి, పొలంలో కొట్టే మందు నీళ్లలో కలిపి మాత్రం పోయకండి. మెడపట్టీ కూడా ఇప్పుడే అన్నం తినే ఐదు నిమిషాలు వేసి తీస్తూ అలవాటు చేయండి.

రాత్రి ఏడిస్తే వెనక గదిలో వేసి వదిలేయకండి. అట్టపెట్టెలో గుడ్డ పరిచి మీ మంచం పక్కన పెట్టండి, చెయ్యి కిందికి వేలాడితే తగిలేంత దూరంలో. నాలుగు రోజులకు ఏడుపు మానుతుంది. తర్వాత రోజుకు ఒక అడుగు చొప్పున దాని చోటికి జరపండి. పగలు మాత్రం మీరు రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు, పావుగంట కనబడకుండా పోయి వస్తూ ఉండండి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పెద్ద హడావుడి వద్దు. ఒంటరిగా ఉండడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. వెనక గదికి గడియ వేసి నేర్పిస్తే అది విద్య కాదు, శిక్ష.

క్లాసుకు నేను వ్యతిరేకం కాదు. 4 నెలలు నిండాక తీసుకెళ్లండి, అప్పటికి మీరూ జున్నూ సగం దారి నడిచి ఉంటారు. చేర్చేముందు ఒక రోజు జున్ను లేకుండా పోయి మూలన కూర్చుని చూడండి. మెడకు బిగుసుకునే గొలుసు, షాకిచ్చే పట్టీ, గట్టిగా గుంజుడు కనిపిస్తే తిరిగి వచ్చేయండి. "నెలరోజులు మా దగ్గర వదిలి పోండి, ట్రైనింగ్ అయ్యాక పట్టుకుపోండి" అనేవాళ్లకు అసలే ఇవ్వొద్దు. అక్కడ అది నేర్చుకున్నా వాళ్ల మాట వినడమే నేర్చుకుంటుంది. పాఠం కుక్క ఒక్కదానికే కాదు, గొలుసు ఈ చివర పట్టుకునే బాబుకు కూడా. వాడినీ వెంట తీసుకెళ్లండి.

దసరా దాటితే దీపావళి. అప్పటికి జున్నుకు మీరు ఫోన్లో వినిపించిన పటాకులు అలవాటై ఉన్నా, అసలు రాత్రి దానికి పరీక్షే. చీకటి పడకముందే వాకిట్లోకి తీసుకెళ్లి ఉచ్చ పోయించండి. ఇంటి మధ్య గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, గోనెసంచి అక్కడ పరవండి. ఎవరో ఒకరు దగ్గర కూర్చోండి. బాబు పటాకులు మీ వాకిట్లో కాకుండా వీధి చివర కాల్చుకుంటే నయం. తలుపు తీసి పెట్టొద్దు, బెదిరిన పిల్ల ఎటు ఉరుకుతుందో దానికే తెలియదు. మరుసటి పొద్దున వాకిలంతా ఊడ్చి, కాలని పటాకులు ఏరి పారేశాకే జున్నును కిందికి దించండి.